ఆ ఆదివారం తరవాత కోల్ట్రేన్ ఏం వాయించాడు

అందరికీ నమస్కారం. కిందటి నెల ఈ హాల్లోనే, కచేరీ అయిపోయి నేను వయొలిన్ పెట్టెలో సర్దుకుంటుంటే ఇంటర్ చదివే అమ్మాయి ఒకామె వచ్చి ఒక మాట అడిగింది. "మాస్టారూ, పాటలో మాటలుంటే అది దేని గురించో తెలుస్తుంది. మాటలే లేకపోతే? ఉత్త వాద్యం మీద అన్యాయం గురించి ఎలా చెబుతారు? పేరు మార్చేస్తే అది ఇంకోదాని గురించి అయిపోదా?" అప్పుడు నేను ఏదో చెప్పి పంపేశాను. రాగానికి భావం ఉంటుందమ్మా, రసం ఉంటుందమ్మా అన్నాను. ఇంటికెళ్లాక ఆ జవాబు నాకే నచ్చలేదు. అది తప్పించుకునే జవాబు. ఆ అమ్మాయి ఇవాళ మూడో వరసలో కూర్చుంది. ఆమెకి నేను బాకీ పడ్డ జవాబే ఈ ప్రసంగం.

ఆ ప్రశ్న మన దగ్గర పుట్టడం సహజం. మన నేల మీద అన్యాయం జరిగినప్పుడు పాట మాటతోనే పుట్టింది. 1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాల చేరి, అక్కడే శిబిరం వేసుకుని కూర్చున్నారు. కారంచేడు మీద గద్దర్ కట్టిన పాట ఊరూరా తిరిగింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపినప్పుడూ అంతే, డప్పు మోగింది, గొంతు లేచింది. ఆ పాటల్లో ఊరి పేరు ఉంటుంది, ఎవరు ఎవరి మీద పడ్డారో ఉంటుంది. విన్నవాడికి అనుమానం మిగలదు. ఆ పాటలు కట్టినవాళ్ల ముందు నేను ఎప్పుడూ చేతులు కట్టుకునే నిలబడతాను.

అయితే ఇవాళ మీకు వినిపించబోయేదాంట్లో మాట ఒక్కటి కూడా లేదు. అయిదు నిమిషాల సంగీతం. వాయించినవాడు అమెరికా నల్లజాతి శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్. దాని పేరు 'అలబామా'.

అలబామా అమెరికా దక్షిణాదిలో ఒక రాష్ట్రం. అందులో బర్మింగ్‌హామ్ అనే ఊరుంది. ఇనుము, ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. నల్లజాతి వాళ్లకి బడి వేరు, బస్సులో సీటు వేరు, మంచినీళ్ల కుళాయి వేరు. తెల్లవాళ్ల పేటల పక్కన నల్లవాళ్లు ఇల్లు కొనుక్కుంటే ఆ ఇంటికి డైనమైట్ పెట్టేవాళ్లు. ఎన్నిసార్లు పేలాయంటే, ఒక పేటకి డైనమైట్ హిల్ అన్న పేరే స్థిరపడింది. ఊరికి కూడా బాంబింగ్‌హామ్ అని మారుపేరు వచ్చింది. నేరం చేసింది కూ క్లక్స్ క్లాన్ వాళ్లని, అంటే తెల్లజాతి పెత్తనం కోసం హింసకి దిగే రహస్య ముఠా వాళ్లని ఊరందరికీ తెలుసు. పట్టుకునేవాడే లేడు.

1963 మే నెలలో ఆ ఊళ్లో పిల్లలు వీధుల్లోకి వచ్చారు. బడి పిల్లలు, వందలమంది. సిక్స్టీన్త్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చిలో చేరి, అక్కణ్ణించి వరసలు కట్టి నడిచారు. పోలీసులు వాళ్ల మీదికి కుక్కల్ని వదిలారు. మంటలార్పే గొట్టాలతో నీళ్లు కొట్టారు. ఆ ఫోటోలు ప్రపంచమంతా చూసింది. ఆగస్టు 28న వాషింగ్టన్‌లో రెండు లక్షలకి పైగా జనం ముందు మార్టిన్ లూథర్ కింగ్ తన కల గురించి మాట్లాడాడు. మన స్కూలు పుస్తకాల్లో అక్కడితో ఆగిపోతాం. దానికి సరిగ్గా 18 రోజుల తరవాత ఏం జరిగిందో చాలామందికి తెలియదు.

సెప్టెంబరు 15, ఆదివారం. అదే చర్చి. ఆ రోజు పిల్లల కోసం ప్రత్యేక ప్రార్థన ఉంది. అయిదుగురు ఆడపిల్లలు కింద బేస్‌మెంట్‌లో, ఆడవాళ్ల గదిలో తయారవుతున్నారు. ఆ రోజు చర్చిలో చెప్పబోయే ప్రసంగం పేరు, క్షమించే ప్రేమ. గదిలో డెనీస్ అనే చిన్నపిల్ల తన గౌను నడుం పట్టీ కట్టమని ఆడీ మేని అడిగింది. ఆడీ మే చెల్లెలు సారా పక్కనే ఉంది. అక్క చేతులు ఆ పట్టీ మీద ఉండగా చూసింది. అదే ఆ పిల్ల ఆఖరిసారి చూడడం. 10 గంటల 22 నిమిషాలకి బయట మెట్ల కింద పెట్టిన డైనమైట్ పేలింది.

ఆడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, కారొల్ రాబర్ట్‌సన్. ముగ్గురికీ 14 ఏళ్లు. డెనీస్ మెక్‌నెయిర్‌కి 11 ఏళ్లు. నలుగురూ పోయారు. పన్నెండేళ్ల సారా బతికింది గానీ ఒక కన్ను పోయింది. అదే రోజు ఆ ఊళ్లోనే పదహారేళ్ల జానీ రాబిన్సన్‌ని పోలీసు వెనకనుంచి కాల్చాడు. సైకిల్ హ్యాండిల్ మీద కూర్చుని వెళ్తున్న పదమూడేళ్ల వర్జిల్ వేర్‌ని ఒక తెల్ల కుర్రాడు కాల్చాడు. ఒక్క రోజులో ఆరుగురు పిల్లలు. ఈ ఇద్దరు మగపిల్లల పేర్లు ఎక్కడా ఎక్కువగా చెప్పరు. అందుకని నేను చెబుతున్నాను.

ఇక న్యాయం సంగతి. పేలుడు వెనక ఉన్నది ఎవరో అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి రెండేళ్లలోపే తెలుసు. అయినా కేసు నడవలేదు. 1968లో మూసేశారు. మొదటివాడికి శిక్ష పడింది 1977లో. రెండోవాడికి 2001లో, మూడోవాడికి 2002లో. నాలుగోవాడు కేసు ఎదుర్కోకుండానే 1994లో పోయాడు. అంటే 39 ఏళ్లు. ఆ నలుగురు పిల్లలు బతికుంటే అప్పటికి మనవలు ఉండే వయసు.

ఇంకొక్క సంగతి చెప్పి ముందుకెళ్తాను. ఆ పేలుడులో చర్చి రంగుటద్దాల కిటికీలు దాదాపు అన్నీ పగిలాయి. ఒక్కటి నిలబడింది. అందులో ఏసుక్రీస్తు బొమ్మ అంతా అలాగే ఉంది, ముఖం మాత్రం ఎగిరిపోయింది. ఆ వార్త విని బ్రిటన్‌లో వేల్స్ జనం చందాలు పోగుచేసి కొత్త కిటికీ చేయించి పంపారు. ఒక్కొక్కరు ఇంతకి మించి ఇవ్వకూడదని చిన్న మొత్తం పెట్టారు, డబ్బున్నవాడెవడూ ఇది నాది అనుకోకుండా. ఆ కిటికీలో ఏసుక్రీస్తు నల్లగా ఉంటాడు. చేతులు చాపి నిలబడి ఉంటాడు. జాన్ పెట్స్ అనే కళాకారుడు చేశాడు. ఇప్పటికీ ఆ చర్చిలో ఉంది.

ఇప్పుడు కోల్ట్రేన్ దగ్గరికి వద్దాం.

శాక్సఫోన్ అంటే మనకి కద్రి గోపాలనాథ్ గారు గుర్తొస్తారు. లేదా పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం గుర్తొస్తుంది. గోపాలనాథ్ గారిది ఆల్టో. కోల్ట్రేన్ ఇందులో వాయించింది టెనర్, అంటే ఇంకొంచెం పెద్దది, మగవాడి గొంతుకి దగ్గరగా ఉండేది. ఆయన 1926 సెప్టెంబరు 23న నార్త్ కరోలినా రాష్ట్రంలో పుట్టాడు. అదీ దక్షిణాదే. తాత చర్చిలో పాస్టరు. ఆ ప్రసంగాల లయ, మాట ఎక్కడ ఆపుతారో, ఎక్కడ సాగదీస్తారో, ఏ మాటని రెండుసార్లు అంటారో, అదంతా చిన్నప్పుడే చెవిలో పడింది. పన్నెండేళ్లకే తండ్రి పోయాడు. పెద్దయ్యాక సభల్లో మాట్లాడే మనిషి కాలేదు. మితభాషి. గంటలు గంటలు సాధన చేసే మనిషి. బాంబు పేలిన ఎనిమిదో రోజుకి ఆయనకి 37 నిండాయి.

రెండు నెలలు గడిచాయి. నవంబరు 18న న్యూజెర్సీలో ఒక స్టూడియోకి తన ముగ్గురు సహచరులతో వెళ్లాడు. పియానో మెకాయ్ టైనర్, బేస్ అనే పెద్ద తీగవాద్యం జిమ్మీ గారిసన్, డ్రమ్స్ ఎల్విన్ జోన్స్. ఆ స్టూడియో పైకప్పు చెక్కతో చాలా ఎత్తుగా, చర్చి లోపల ఉన్నట్టు ఉంటుంది. అక్కడ ఇది రికార్డు చేశారు. మరో నాలుగు రోజులకి ప్రెసిడెంట్ కెనెడీని కాల్చి చంపారు. ఆ దేశం అంత టెన్షన్‌లో ఉన్న రోజులు.

దాని నడక చెబుతాను, తరవాత విందురు గాని. మొదట పియానో అడుగు స్వరాలు. మెకాయ్ టైనర్ కింది స్వరాల్ని వదలకుండా కదిలిస్తూ ఉంటాడు. మన తంబురా శ్రుతిలాగా. కానీ తంబురాలో ఉండే ప్రశాంతత అందులో లేదు. దూరంగా ఉరుము ఆగకుండా ఉరుముతూనే ఉంటే ఎలా ఉంటుందో అలా. దాని మీద శాక్సఫోన్ వస్తుంది. తాళం లేదు. మన ఆలాపన లాంటిదే. ఒక వాక్యం, ఆగడం. ఇంకో వాక్యం, మళ్లీ ఆగడం. ఆ ఆగడంలో ఊపిరి వినిపిస్తుంది.

ఈ ఆలాపన పోలిక నేను మనవాళ్లని మెప్పించడానికి చెప్పడం లేదు. కోల్ట్రేన్ మన సంగీతాన్ని నిజంగానే శ్రద్ధగా విన్నాడు. పండిట్ రవిశంకర్ రికార్డులు విన్నాడు, ఆయన్ని కలిశాడు. 1961లోనే 'ఇండియా' అని పేరు పెట్టి ఒకటి వాయించాడు. 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు, ఆ పిల్లవాడు కూడా ఇప్పుడు పేరున్న శాక్సఫోన్ విద్వాంసుడు. కోల్ట్రేన్ నలభై ఏళ్లకే, 1967లో పోయాడు. ఆయన భార్య ఆలిస్ కోల్ట్రేన్ స్వయంగా గొప్ప పియానో, హార్ప్ విద్వాంసురాలు. తరవాతి కాలంలో ఆమె మన పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలై, కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టుకుని, భజనలకి తనదైన సంగీతం కూర్చింది. అంటే ఈ శ్రుతి మనకి పరాయిది కాదు.

మళ్లీ నడక దగ్గరికి. కాసేపు అలా తాళం లేకుండా సాగాక, మధ్యలో తాళం మొదలవుతుంది. బేస్ నడుస్తుంది, డ్రమ్స్ నడుస్తాయి, మామూలు జాజ్ సంగీతంలో ఉండే ఊపు వస్తుంది. అమ్మయ్య, దారిలో పడ్డాం అనుకుంటాం. అక్కడే అది ఆగిపోతుంది. ఎక్కువసేపు ఉండనివ్వడు. మళ్లీ ఆ మొదటి వాక్యాలే, మళ్లీ ఆ ఉరుమే. చివరికొచ్చేసరికి ఇంతసేపూ అణచుకుని ఉన్న ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ లేస్తాయి. అలలాగా లేచి మీద పడతాయి. శాక్సఫోన్ మాత్రం అరవదు.

కోల్ట్రేన్ అరవలేనివాడు కాదు. గంటసేపు ఆపకుండా ఒకే పాట వాయించి, వాద్యం చేత కేకలు పెట్టించగలిగినవాడు. స్వరాలు కుండపోతగా కురిపిస్తాడని విమర్శకులు రాసేవాళ్లు. ఆ వేగం కోసమే జనం టికెట్టు కొనుక్కుని వచ్చేవాళ్లు. అంత విద్య ఉన్నవాడు ఇక్కడ దాన్నంతా పక్కన పెట్టేశాడు. పదో తరగతి పిల్లవాడు కూడా వేళ్లు పెట్టగలిగిన స్వరాలు. వేగం లేదు, సంగతుల మీద సంగతులు లేవు, మన కచేరీల్లో లాగా ముక్తాయింపు కొట్టి ముగించడం లేదు. విద్య చూపించుకునే చోటు ఇది కాదని ఆయనకి తెలుసు. నా దృష్టిలో ఆ అయిదు నిమిషాల్లో అన్నిటికంటే కష్టమైన పని అదే.

నాకు అది ఎందుకు అంత కష్టమనిపిస్తుందో చెప్పాలి. ఇది నేను బయట ఎక్కడా చెప్పుకోలేదు.

చాలా ఏళ్ల కిందట ఒక ఊళ్లో సంతాప సభ జరిగింది. ఇరవై రెండేళ్ల కుర్రాడు. వేరే కులం అమ్మాయిని పెళ్లి చేసుకున్నందుకు చంపేశారు. సభ పెట్టినవాళ్లు నాకు తెలిసినవాళ్లు. మొదట కాసేపు వయొలిన్ వాయించండి మాస్టారూ అన్నారు. నేను శుభపంతువరాళి ఎంచుకున్నాను. శోకానికి పేరుపడ్డ రాగం. ఆలాపన బాగానే మొదలుపెట్టాను. జనం నిశ్శబ్దంగా వింటున్నారు. ఆ నిశ్శబ్దం నాకు ఎక్కింది. తారస్థాయికి వెళ్లాను, అక్కణ్ణించి వేగంగా బిర్కాలు జార్చుకుంటూ కిందికి వచ్చాను. ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ అందుకున్నారు. మొదటి వరసలో ఆ కుర్రాడి తల్లి కూర్చుని ఉంది. ఒళ్లో కొడుకు ఫోటో. ఆవిడ తల ఎత్తలేదు. ఆ ఫోటో అద్దం మీద పడ్డ పూలరేకుని వేలితో పక్కకి తోస్తోంది. అది పోవడం లేదు, తడిసి అంటుకుంది. మళ్లీ తోస్తోంది. కిందికి దిగాక వాళ్ల బంధువు ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "చాలా బాగా వాయించారండీ" అన్నాడు. పాపం ఆయన మర్యాదకే అన్నాడు. ఆ 'బాగా' అన్న మాట నన్ను ఇప్పటికీ పొడుస్తుంది. ఆ రోజు నేను ఆ తల్లి కోసం వాయించలేదు. ఆ దుఃఖాన్ని వేదిక చేసుకుని దాని మీద నా విద్య ఆడించాను.

అది జరిగిన కొన్నేళ్లకి మా శిష్యుడొకడు, డల్లాస్‌లో ఉద్యోగం, సెలవులకి వచ్చినప్పుడు ఈ 'అలబామా' వినిపించాడు. దేని గురించో చెప్పలేదు. "ఊరికే వినండి మాస్టారూ" అన్నాడు. మధ్యలో తాళం ఎత్తుకుని ఆగిపోయిన చోట నేను లేచి కూర్చున్నాను. "ఏమైంది, ఎందుకు ఆపేశాడు?" అన్నాను. అప్పుడు చెప్పాడు, నలుగురు ఆడపిల్లలు అని. నాకు ఆ పూలరేకు గుర్తొచ్చింది.

చప్పట్ల సంగతి తలుచుకున్నాను కాబట్టి ఇంకొకామె గురించి కూడా చెప్పాలి. బిల్లీ హాలిడే. 1939లో న్యూయార్క్‌లో ఒక క్లబ్బులో 'స్ట్రేంజ్ ఫ్రూట్' పాట పాడేది. దక్షిణాదిలో నల్లవాళ్లని మూకలు చంపి చెట్లకి వేలాడదీయడం గురించిన పాట, రాసింది ఏబెల్ మీరోపోల్ అనే బడిపంతులు. ఆమెతో ఒప్పందం ఉన్న పెద్ద రికార్డింగ్ కంపెనీ దాన్ని చేయనంటే, ఇంకో చిన్న కంపెనీలో చేసింది. క్లబ్బులో ఈ పాట ఎప్పుడూ ఆఖరున. అప్పుడు వెయిటర్లు బల్లల దగ్గరికి వెళ్లడం ఆపేసేవాళ్లు. లైట్లన్నీ తీసేసి ఆమె ముఖం మీద ఒక్క దీపం ఉంచేవాళ్లు. పాట అయిపోగానే అదీ ఆరిపోయేది. మళ్లీ వెలిగేసరికి ఆమె అక్కడ ఉండేది కాదు. ఇంకోసారి అని ఎంత అరిచినా వచ్చేది కాదు. విన్నవాళ్లు ఆ పాటని చప్పట్లలో దులిపేసుకుని తాగడానికి కూర్చోకుండా ఆ ఏర్పాటు చేశారు.

ఇక్కడ మీలో కొందరికి ఒక మాట మనసులో ఉంటుంది. అణచుకోవడమే గొప్పా, కోపం తప్పా అని. కానే కాదు. అదే ఆదివారం వార్త రేడియోలో విన్న ఇంకొకామె ఉంది, నీనా సిమోన్. ఆమెదీ నార్త్ కరోలినాయే. చిన్నప్పుడు ఆరంభ కచేరీకి కూర్చుంటే, తల్లిదండ్రుల్ని ముందు వరసలోంచి లేపి వెనక్కి పంపారు, తెల్లవాళ్లకి చోటు కావాలని. వాళ్లని ముందుకి తెచ్చేదాకా నేను వాయించనని పియానో ముందు చేతులు ముడుచుకుని కూర్చుంది. అప్పుడు ఆమెకి పన్నెండేళ్లు. పాశ్చాత్య శాస్త్రీయ పియానో విద్వాంసురాలు కావాలనుకుంది. పెద్ద సంగీత విద్యాలయంలో సీటు ఇవ్వలేదు. నల్లపిల్లననే ఇవ్వలేదని ఆమె చివరిదాకా నమ్మింది.

ఆ జూన్ నెలలోనే మిసిసిపీలో మెడ్గర్ ఎవర్స్ అనే ఉద్యమ నాయకుణ్ణి ఇంటి ముందు కాల్చి చంపారు. దాని మీద ఈ పిల్లల వార్త. ఆమె గరాజ్‌లోకి వెళ్లి, చేతికి దొరికిన సామాన్లతో తుపాకీ తయారు చెయ్యడం మొదలుపెట్టింది. భర్త వచ్చి చూశాడు. నీకు చంపడం చేతకాదు, నీ దగ్గర ఉన్నది సంగీతమే అన్నాడు. ఆమె పియానో దగ్గరికి వెళ్లింది. గంట తిరక్కుండా పాట పూర్తయింది. 'మిసిసిపీ గాడ్ డ్యామ్'. పేరులోనే తిట్టు ఉంది. దాని వరస చూస్తే హుషారుగా, నాటకాల్లో పాటలా గంతులేస్తూ ఉంటుంది. 1964లో కార్నెగీ హాల్లో పాడుతూ మధ్యలో జనానికి చెప్పింది, ఇది ఒక నాటకంలో పాట, ఆ నాటకం ఇంకా రాయలేదు అని. అంతవరకూ నవ్వినవాళ్లు తరవాతి చరణాలకి నవ్వలేకపోయారు. దక్షిణాదిలో రికార్డు దుకాణాలవాళ్లు ఆ రికార్డుల్ని రెండు ముక్కలు చేసి తిప్పి పంపారు.

ఒకే పేలుడు. ఒకరు తిట్టారు, ఒకరు మాట తీసేశారు. ఇద్దర్లో ఎవరు గొప్ప అని నన్ను అడగొద్దు. ఇద్దరూ తమ చేతిలో ఉన్నదాన్నే నిజాయితీగా వాడారు. నీనా తన కోపాన్ని దాచలేదు. కోల్ట్రేన్ తన విద్యని దాచాడు.

అమ్మా, ఇప్పుడు నీ ప్రశ్న. పేరు మార్చేస్తే ఇంకోదాని గురించి అయిపోదా అన్నావు. నిజమే, ఆ స్వరాలకి ఇంకో పేరు పెడితే పెట్టొచ్చు. కానీ ఆయన పెట్టిన పేరు చూడు. ప్రార్థన అనో, శోకం అనో, నలుగురు పిల్లలు అనో పెట్టలేదు. అలబామా. ఒక రాష్ట్రం పేరు. పటం మీద ఉన్న పేరు. ఆ రాష్ట్రం గవర్నరు, పోలీసులు, కోర్టులు, అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. నేరం ఎవరిదో ఆ పేరు చెబుతుంది, దుఃఖం ఎలాంటిదో స్వరాలు చెబుతాయి. రికార్డు నిర్మాత ఆ పేరు గురించి అడిగితే, అక్కడ తాను చూసినదేదో లోపలినుంచి సంగీతంగా వచ్చిందని, దాదాపు ఆ అర్థం వచ్చేలా, ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాడు.

ఇంకోటి. ఆ శాక్సఫోన్ వాక్యాలు అంత్యక్రియల్లో కింగ్ చేసిన ప్రసంగం లయలోనే ఉన్నాయని జాజ్ అభిమానులు చాలామంది అంటారు. ఆ మాట కోల్ట్రేన్ తనంతట తాను చెప్పింది కాదు. కానీ మాటని స్వరంగా పలికించడం ఆయన చేసిన పనే. సరిగ్గా మరుసటి ఏడాది, 1964 డిసెంబరులో, తాను రాసుకున్న ప్రార్థన ఒకదాన్ని అక్షరం అక్షరం శాక్సఫోన్ మీద చదివాడు. ఆ ప్రార్థన కాగితం చేతిలో పట్టుకుని వింటే మాటలు కళ్లకి ఎదురుగా కదులుతాయి. మన నాదస్వర విద్వాంసులు కీర్తన వాయిస్తుంటే సాహిత్యం తెలిసినవాళ్లు లోపల పాడుకోరూ, అలాగే. కాబట్టి 'అలబామా'లో మాట లేదన్న నా మొదటి మాట పూర్తిగా నిజం కాదు. పెదవి దాటని మాట ఉంది.

ఇది ఎప్పటిదో పాత కథ కదా అనుకునేవాళ్ల కోసం ఒకటి చెబుతాను. 2014 జులైలో న్యూయార్క్‌లో ఎరిక్ గార్నర్ అనే మనిషిని పోలీసు మెడ పట్టి నొక్కితే, ఊపిరాడటం లేదని పదకొండు సార్లు చెప్పి చనిపోయాడు. ఆ ఏడాది నవంబరులో జోయెల్ థాంప్సన్ అనే యువకుడు, బృందగానం నేర్పే మాస్టారు, తన కోసం తాను ఒక సంగీతం రాసుకున్నాడు. ఎవరో పాడతారని కాదు. రాసి సొరుగులో పెట్టేశాడు. ఏసుక్రీస్తు సిలువ మీద పలికిన ఏడు మాటలకి హైడన్ అనే స్వరకర్త కూర్చిన సంగీతం ఒకటుంది. ఆ వరసలో ఇతను ఏడుగురు నల్లజాతి వాళ్ల చివరి మాటలు తీసుకున్నాడు. చేతిలో ఆయుధం లేకుండా చనిపోయిన ఏడుగురు. కవిత్వం కలపలేదు, వ్యాఖ్యానం కలపలేదు. వాళ్లన్నది వాళ్లన్నట్టే. ఆయుధం పట్టినవాణ్ణి చూసి భయపడాలి అని చెప్పే పాత ఫ్రెంచి పాట ఒకటుంది, యూరప్‌లో అయిదు వందల ఏళ్ల కిందటే దాని మీద చర్చి సంగీతం కట్టేవాళ్లు. దాని వరస ఇందులో వినిపిస్తుంది. 2015లో మిషిగన్ యూనివర్సిటీ పురుషుల బృందం మొదటిసారి పాడింది. పదిహేను నిమిషాలు.

ఆ ఏడుగురిలో అమదూ డియాలో ఉన్నాడు. ఆఫ్రికాలో గినీ దేశం నుంచి వచ్చిన ఇరవై మూడేళ్ల కుర్రాడు. 1999 ఫిబ్రవరిలో తన ఇంటి గుమ్మంలో నిలబడి పర్సు తీస్తుంటే తుపాకీ అనుకున్నామని పోలీసులు 41 తూటాలు కాల్చారు. థాంప్సన్ తీసుకున్న మాట, ఆ కుర్రాడు తల్లికి చివరగా ఫోన్లో చెప్పినది. "అమ్మా, నేను కాలేజీలో చేరబోతున్నాను."

ఈ హాల్లో పిల్లల్ని అమెరికా పంపినవాళ్లు ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని అడగను. సగం మంది ఉంటారని తెలుసు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలో మన హైదరాబాద్ కుర్రాడు, ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని, మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. స్నేహితుడితో సాయంత్రం కాసేపు కూర్చోవడానికి వెళ్లాడు, అంతే. అడ్డుపడిన ఒక తెల్ల అమెరికన్ కూడా గాయపడ్డాడు. ఆ వారం రోజులు మన ఇళ్లలో ఫోన్లు ఎలా మోగాయో గుర్తుందా? బయటికి వెళ్లకు నాన్నా, తెలుగులో గట్టిగా మాట్లాడకు అని. బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి తల్లులు ఆ మాటలు తరాలుగా చెబుతూ వచ్చారు. మనకి ఒక్క వారం తెలిసింది.

చాలాసేపు మాట్లాడాను. ఇంకా మాట్లాడితే ఆ మనిషి మాట తీసేసి చేసిన పనిని నేను మాటలతో పాడుచేసినట్టవుతుంది. 1963 డిసెంబరులో ఆయన దీన్ని ఒక టీవీ కార్యక్రమంలో కూడా వాయించాడు. ఆ వీడియో దొరుకుతుంది, ఇంటికెళ్లి చూడండి. ఇప్పుడు మాత్రం బొమ్మ వద్దు, రికార్డే విందాం. రాగం ఏమిటా అని వెతకొద్దు, మన రాగం పేరేదీ తగిలించొద్దు. మధ్యలో తాళం ఎత్తుకుంటుంది చూడండి, అక్కడ మీ చెయ్యి తొడ మీద దానంతట అదే కదులుతుంది. కదలనివ్వండి. అది ఆగినప్పుడు ఆ చేతికి ఏమవుతుందో గమనించండి.

బాబూ, తలుపు దగ్గరున్నావు కదా, ఆ రెండు ఫ్యాన్లూ కాస్త ఆపెయ్యి. అయిదు నిమిషాలు ఉక్కపోస్తుంది, ఓర్చుకుందాం. ఆ పియానో అడుగు స్వరాలు ఫ్యాను చప్పుడులో కలిసిపోతాయి.